పరస్పరాధారం: ఉపకారం కాదు, ఒడంబడిక

"ఈ దేశంలో హిందువులు, ముస్లింలు ఒకరిపై ఒకరు ఆధారపడి జీవిస్తున్నారు." ఈ వాక్యం మనం తరచుగా వింటూంటాం. శాంతి సంఘాల సమావేశాలలో అధికారులు చెబుతారు. ఇఫ్తార్ విందులలో నాయకులు చెబుతారు. పండుగ శుభాకాంక్షలలో మనమూ రాస్తూంటాం. అయితే ఈ మాటకు అర్థమేమిటి? దీని నుండి ఏ హక్కు పుడుతుంది? ఏ బాధ్యత పుడుతుంది? ఈ ప్రశ్నలు వేసుకోకుండా వల్లించినంతకాలం అది మర్యాదకు చెప్పే మాటగానే మిగులుతుంది. పైగా సరిగా అర్థం చేసుకోకపోతే అది మనకే చేటు చేయగలదు. అందుకే ఈ భావనను ఒకసారి నిదానంగా పరిశీలించవలసి ఉన్నది.

దూరం పోనక్కరలేదు. మన రేణిగుంటనే తీసుకుందాం. ఇక్కడ నాలుగు దిక్కుల రైలు పట్టాలు కలుస్తాయి. గుంతకల్లు, కడపల మీదుగా వచ్చేది ఒకటి. అరక్కోణం మీదుగా చెన్నై పోయేది ఒకటి. గూడూరు వైపు పోయేది మరొకటి. తిరుపతి, పాకాల, కాట్పాడి దిశగా సాగేది ఇంకొకటి. తిరుపతి విమానాశ్రయం ఉన్నది కూడా రేణిగుంటలోనే. ఈ మండలంలోని కరకంబాడిలో బ్యాటరీల కర్మాగారం ఉన్నది. కోడూరు అరటి, బొప్పాయి, చిత్తూరు మామిడి, మదనపల్లె టమోటా ఈ చుట్టుపక్కల దారుల గుండానే దూర ప్రాంతాలకు పోతాయి. తిరుమల దర్శనానికి వచ్చే యాత్రికులలో ఎందరో ఈ జంక్షను తాకి పోవలసినవారే.

ఒక్క టమోటా బుట్ట సంగతి ఆలోచించండి. పండించిన రైతు ఒకరు, కోసిన కూలీలు మరికొందరు. మండీలో వేలం పాడినవారు ఒకరు, లారీకెత్తిన హమాలీలు ఇంకొందరు. ఆ లారీకి ఇంజను బాగుచేసిన మెకానిక్కు, టైరుకు పంక్చరు వేసిన కుర్రవాడు, రాత్రంతా నడిపిన డ్రైవరు, తెల్లవారుజామున టీ పోసిన హోటలు మనిషి, అందరూ కలిస్తేనే ఆ బుట్ట గమ్యం చేరుతుంది. వీరిలో ఎవరు ఏ మతస్థులో తినేవారికి తెలియదు, తెలియవలసిన పనీ లేదు. కొండకు పోయే బస్సు బ్రేకులు సరిచేసినవారి పేరేమిటని యాత్రికులు అడగరు. దర్గాకు పోయే చాదరు నేసినవారి కులమేమిటని మనమూ అడగం.

ఇది వాస్తవం. కానీ వాస్తవమైనంత మాత్రాన అది న్యాయమైపోదు. ఒకరి శ్రమపై మరొకరు ఆధారపడటం వేరు, ఆ ఆధారాన్ని గుర్తించి గౌరవించటం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న దూరమే మన చర్చనీయాంశం.

మన సంప్రదాయం ఏమి చెప్పింది?

పరస్పరాధారం అనే ఆలోచన మనకు అరువు తెచ్చుకున్నది కాదు. 1377లో రచించిన 'ముఖద్దిమా'లో ఇబ్న్ ఖల్దూన్ మానవ సమాజం ఎందుకు ఏర్పడుతుందో వివరించటానికి రొట్టెనే ఉదాహరణగా తీసుకున్నాడు. ఒక మనిషికి ఒక్కరోజు తిండికి సరిపడే గోధుమలు కావాలన్నా పిండి విసరాలి, కలపాలి, కాల్చాలి. ఈ మూడింటికీ పాత్రలు, పనిముట్లు కావాలి. వాటికోసం కమ్మరి, వడ్రంగి, కుమ్మరి కావాలి. గింజలను పచ్చివే నమిలినా సరే, అంతకు ముందు విత్తేవారు, కోసేవారు, నూర్చేవారు ఉండాలి. కాబట్టి ఒంటరి మనిషి శక్తి అతని ఒక్కపూట ఆహారానికి కూడా చాలదని, సహకారం వల్లనే మానవజాతి నిలిచి ఉందని ఆయన తేల్చాడు. ఆరున్నర శతాబ్దాల కిందటి ఆ రొట్టె లెక్కకూ, మనం పైన చెప్పుకున్న టమోటా బుట్ట లెక్కకూ తేడా లేదు.

దివ్యఖుర్ఆన్ ఈ సహకారానికి ఒక నైతికమైన హద్దును కూడా గీసింది. అల్‌మాయిదా సూరాలోని రెండవ ఆయతు మంచి పనులలో, దైవభీతిలో పరస్పరం తోడ్పడమని బోధిస్తుంది. పాపంలో, దౌర్జన్యంలో తోడు కావద్దని నిషేధిస్తుంది. అంతేకాదు, మస్జిదె హరామ్‌కు పోకుండా మిమ్మల్ని అడ్డుకున్న జనం పట్ల ఉన్న కోపం కూడా మిమ్మల్ని హద్దు మీరేలా చేయరాదని అదే ఆయతు హెచ్చరిస్తుంది. అంటే సహకారమనేది మనకు నచ్చినవారితో మాత్రమే సాగించే వ్యవహారం కాదు. మనకు అన్యాయం చేసినవారి విషయంలోనూ న్యాయం తప్పకుండా నిలబడటం అందులో భాగమే.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) మదీనాకు వలస వెళ్ళిన తరువాత జరిగిన రెండు విషయాలను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మొదటిది మదీనా ఒడంబడిక. అందులో ముస్లింలు, యూదు తెగలు ఎవరి ధర్మాన్ని వారు పాటిస్తూనే, పట్టణంపై దాడి జరిగితే కలిసి కాపాడుకోవాలని, ఎవరి ఖర్చు వారు భరించాలని రాసుకున్నారు. అక్కడ పరస్పరాధారం ఉపన్యాసంగా కాక, షరతులతో కూడిన పత్రంగా వచ్చింది.

రెండవది ముహాజిర్లకు, అన్సార్లకు మధ్య నెలకొల్పిన సోదరబంధం. మక్కాలో సర్వమూ వదులుకుని వచ్చిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ను సాద్ బిన్ రబీ (రజి)కు సోదరునిగా చేశారు. సాద్ తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. అబ్దుర్రహ్మాన్ ఆయన ఆస్తికీ కుటుంబానికీ శుభం కలగాలని దీవించి, బజారు ఎక్కడ ఉందో చూపిస్తే చాలన్నారు. చూపించిన ఆ బజారు బనూ ఖైనుఖా అనే యూదు తెగది. అక్కడ ఆయన వెన్న, జున్ను అమ్మి కొద్దికాలంలోనే తన కాళ్ళపై నిలబడ్డారు. ఈ ఉదంతాన్ని మన ఉపన్యాసాలలో సాద్ త్యాగానికి ఉదాహరణగా చెబుతారు. అది నిజమే. కానీ దీనిలో ఇంకొక పాఠం ఉన్నది. నిరాశ్రయుడు అడిగింది వాటా కాదు, దారి. ఆ దారి వేరే మతస్థుల బజారుకు తీసుకుపోయింది. ఆ బజారులో ఆయనను నీ మతమేమిటని అడ్డగించలేదు.

దానం అక్కరలేదని చెప్పటానికి ఈ సంగతి ఎత్తటం లేదు. ఆధారపడటంలో రెండు రకాలున్నాయని చెప్పటానికి ఎత్తుతున్నాం. ఒకరి చేయి ఎప్పుడూ పైన, మరొకరి చేయి ఎప్పుడూ కింద ఉండే ఆధారం ఒకటి. నేడు ఇచ్చినవారు రేపు పుచ్చుకునేవారుగా, నేడు పుచ్చుకున్నవారు రేపు ఇచ్చేవారుగా మారగల ఆధారం రెండవది. ఈ రెండవదానికే పరస్పరాధారమనే పేరు తగును.

నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా వద్ద ముహర్రం రోజులలో జరిగే రొట్టెల పండుగ ఈ భేదాన్ని కళ్ళకు కడుతుంది. కోరిక ఉన్నవారు ఆ కోరిక తీరినవారి చేతి నుండి రొట్టె అందుకుంటారు. తమది తీరిన తరువాత మళ్ళీ వచ్చి, అదే కోరికతో ఉన్న మరొకరికి రొట్టె ఇస్తారు. హిందువులు, ముస్లింలు లక్షలాదిగా వస్తారు. ఇచ్చేది ఎవరు, పుచ్చుకునేది ఎవరు అన్న విభజన అక్కడ మతాన్ని బట్టి ఉండదు. దర్గా ఆచారాల విషయంలో మనలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, అది వేరే చర్చ. సామాన్య జనం తమంతట తాము కల్పించుకున్న ఆ ఇచ్చిపుచ్చుకోవటంలో, చేతులు స్థానాలు మార్చుకుంటాయన్నది మాత్రం గమనించదగినది.

అవసరం గౌరవాన్ని తెస్తుందా?

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఒకరికొకరు అవసరమైతే చాలు, గౌరవం దానంతట అదే వస్తుందని కొందరు నమ్ముతారు. మన ప్రాంతపు చరిత్ర ఆ నమ్మకాన్ని బలపరచదు.

రాయలసీమ గ్రామాలలో ఆయగాండ్ల వ్యవస్థ శతాబ్దాలపాటు నడిచింది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలైనవారు ఊరికి పనిచేసి పంటలో పాలు పొందేవారు. మాన్యపు భూములు అనుభవించేవారు. పైకి చూస్తే అంతకు మించిన పరస్పరాధారం లేదు. కానీ కపిల బావికి తోలుసంచి కుట్టి ఇచ్చిన మాదిగవాని నివాసం ఊరి వెలుపలే ఉండేది. ఆ తోలు లేకపోతే చేనికి నీరు రాదు. నీరు వచ్చినా, ఆ మనిషికి ఊరి బావిలో చేదవేసే హక్కు రాలేదు. అవసరం ఉన్నది, గౌరవం లేదు. ఆధారపడినది ఊరంతా, అణగినది ఒక్కరు.

మన సముదాయం విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషను కల్పించిన చట్టం ద్వారా ఏర్పడిన బీ.సీ.-ఇ జాబితాను ఒకసారి చదవండి. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, హజాములు, ఖురేషీలు, తురక కాశలు, ఫకీరులు. బీ.సీ.-బీలో ఉన్న దూదేకులను కూడా కలుపుకోండి. బట్టపై అచ్చు వేసినవారు, అత్తరు అమ్మినవారు, బట్టలుతికినవారు, క్షౌరం చేసినవారు, మాంసం కొట్టినవారు, బండలు కొట్టినవారు, దూది ఏకి పరుపులు కుట్టినవారు. ఈ వర్గాల పేర్లలో అధికభాగం వృత్తుల పేర్లే. ఊరు వీరిపై ఆధారపడింది. అయినా వీరు వెనుకబడినవారి జాబితాలో ఉన్నారు. ఆ చట్టంపై వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరి, 2010 మార్చి నాటి మధ్యంతర ఉత్తర్వు ఆధారంగా రిజర్వేషను కొనసాగుతూ వచ్చింది. సేవ చేసినందువల్లనే గౌరవం దక్కేటట్లయితే ఈ జాబితా అవసరమే ఉండేది కాదు.

కాబట్టి "మేము మీకు ఉపయోగపడుతున్నాం, కనుక మమ్మల్ని సహించండి" అనే వాదనను మనం చేపట్టకూడదు. మంచి ఉద్దేశంతోనే చాలామంది ఈ వాదన చేస్తారు. ఫలానా దేవాలయానికి పూలు కట్టేది ముస్లింలే, ఫలానా రథానికి పని చేసేది ముస్లింలే అంటూ పట్టికలు చెబుతారు. అవి నిజాలే కావచ్చు. కానీ పౌరసత్వాన్ని ఉపయోగంతో తూచే తక్కెడను ఒకసారి ఒప్పుకుంటే, రేపు ఆ పనికి యంత్రం వచ్చినప్పుడు, లేదా ఆ పని వేరొకరు చేస్తామన్నప్పుడు మన బరువు తగ్గిపోతుంది. ఒళ్ళు బాగాలేక పని చేయలేని వృద్ధుడు, ఏ వృత్తీ నేర్వని పసిబిడ్డ, ఇల్లు దాటని వితంతువు ఎవరికి ఏమి ఉపయోగపడుతున్నారని చూపగలరు? వారి హక్కు మెకానిక్కు హక్కుకంటే రవంతైనా తక్కువ కాదు.

కరోనా కాలం ఈ విషయాన్ని చేదుగా నేర్పింది. 2020లో తబ్లీగీ జమాత్ పేరు చెప్పి రోగాన్నే మతానికి అంటగట్టారు. ఎన్నో చోట్ల కూరగాయల బండ్ల వద్ద పేర్లు అడిగారు. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా చేశారని తప్పుపట్టింది. మరుసటి సంవత్సరం రెండవ ఉధృతిలో, అయినవారు కూడా దగ్గరికి రాలేకపోయిన మృతదేహాలను తిరుపతిలో ముస్లిం యువకులు భుజాన మోసి, మృతుల మతాచారం ప్రకారమే అంత్యక్రియలు జరిపారు. వారి సేవకు మనం గర్విస్తున్నాం. అల్లాహ్ వారికి ప్రతిఫలం ప్రసాదించుగాక! అయితే ఒక ప్రశ్న అడగక తప్పదు. శవాలు మోస్తేనే మనం పొరుగువారమా? మోయకముందు కామా? ఆ యువకులు చేసినది మానవధర్మం. దానిని మన సముదాయపు సచ్ఛీలతకు ధ్రువపత్రంగా ఎవరైనా అడిగినా, మనమే ఇవ్వజూపినా, ఆ సేవ విలువ తగ్గుతుంది.

అదే 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాలో పీడనం పడిపోయి 11 మంది రోగులు మరణించినట్లు అధికారులు ప్రకటించారు. తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు నుండి రావలసిన ట్యాంకరు ఆలస్యమైంది. పక్క రాష్ట్రంలోని ఒక కర్మాగారం, ఒక ట్యాంకరు, ఒక రహదారి. వీటిపై తమ ప్రాణం ఆధారపడి ఉన్నదని ఆ మంచాలపై ఉన్నవారికి తెలిసి ఉండదు. గొలుసులో ఒక లంకె తెగితే ఎవరి ప్రాణం పోతుందో ఎవరూ ఎంచుకోలేరు. పరస్పరాధారమంటే ఇదీ. అది మనం ఒప్పుకున్నా ఉన్నది, ఒప్పుకోకున్నా ఉన్నది.

బజారు దారి

మరి ఈ భావన ప్రయోజనమేమిటి? ఉన్న ఆధారాన్ని న్యాయమైన ఒడంబడికగా మార్చమని అడగటానికి అది ఉపయోగపడాలి. అందుకు మన రాష్ట్రంలోనే జరిగిన ఒక వ్యవహారం చాలా ముఖ్యమైనది.

2015 నవంబరు 9న ఆంధ్రప్రదేశ్ దేవాదాయశాఖ జారీచేసిన జీ.ఓ. 426, దేవస్థానాల దుకాణాల వేలంలో హిందూయేతరులు పాల్గొనరాదని నిర్దేశించింది. శ్రీశైలంలో ఎంతోకాలంగా దుకాణాలు నడుపుకుంటున్న ముస్లిం వ్యాపారుల బతుకుతెరువు దీనితో ప్రశ్నార్థకమైంది. వారు న్యాయస్థానానికి వెళ్ళారు. 2019లో హైకోర్టు వారి వాదనను అంగీకరించలేదు. 2020 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2021 డిసెంబరు 17న, కేవలం మతం కారణంగా ఎవరినీ వేలం నుండి గాని, లీజుల నుండి గాని మినహాయించరాదని స్పష్టంచేసింది. క్షేత్రం సమీపంలో మద్యం, జూదం వంటివి ఉండరాదనటం అర్థం చేసుకోదగినదే గాని, పూలు, పిల్లల ఆటబొమ్మలు అమ్మటానికి మతమెందుకు అడ్డమని న్యాయమూర్తులు ప్రశ్నించారు.

ఆ వ్యాపారులు అర్చకత్వం అడగలేదు. దేవస్థానం ఆదాయంలో వాటా అడగలేదు. రాయితీ కూడా అడగలేదు. వేలంపాటలో అందరితోపాటు పాట పాడనివ్వమన్నారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ అడిగినదీ ఇదే. బజారు దారి.

కొందరు మనల్ని ఇలా అడుగుతారు: "వక్ఫు బోర్డులలో ముస్లిమేతరులు వద్దంటూ, గుడి దుకాణాలలో మీరు కావాలంటారా?" ప్రశ్న న్యాయమైనదే, సమాధానం చెప్పవలసినదే. మతసంస్థ నిర్వహణ వేరు, దాని చుట్టూ సాగే వ్యాపారం వేరు. ఒక మతసంస్థకు సంబంధించిన పదవిలో ఆ మతస్థులే ఉండాలనే చట్టాన్ని రాజ్యాంగంలోని 16వ అధికరణ ఐదవ ఖండం అనుమతిస్తుంది. దేవాలయ నిర్వహణలో హిందువులే ఉండటాన్ని మనం గౌరవిస్తాం. అదే గౌరవాన్ని వక్ఫు నిర్వహణకూ కోరుతున్నాం. వ్యాపారం విషయానికి వస్తే, మన పట్టణాలలో మసీదులకు, దర్గాలకు చెందిన వక్ఫు దుకాణాలలో హిందూ వ్యాపారులు అద్దెకుండటం సాధారణ దృశ్యం. అది అలాగే ఉండాలి. అద్దె సక్రమంగా కట్టేవారి మతం మనం అడగకూడదు. ఒకే తూనికరాయితో ఇరువైపులా తూచినప్పుడే మన మాటకు విలువ ఉంటుంది.

శ్రీశైలం తీర్పు వచ్చిన మూడు నెలలకే, 2022 మార్చిలో, పొరుగున ఉన్న కర్ణాటకలో ఉడుపి, శివమొగ్గ ప్రాంతాల జాతరలలో ముస్లిం వ్యాపారులకు స్థలం ఇవ్వరాదన్న ప్రచారం సాగింది. బహిష్కరణ అనేది పరస్పరాధారాన్ని తెంచే ప్రయత్నం. దాని దెబ్బ ముందుగా గాజుల బండి పెట్టుకున్న పేదవారిపై పడుతుంది. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం ముస్లిం పురుష శ్రామికులలో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలో ఉన్నారు. దేశ సగటు 8 శాతం లోపే. కాబట్టి సంతలో, జాతరలో, బజారులో చోటు అనేది మనకు చిన్న విషయం కాదు. అనేక కుటుంబాలకు అదే అన్నం.

అయితే బహిష్కరణకు బదులు బహిష్కరణ మన మార్గం కారాదు. ఇక్కడ అమెరికా నల్లజాతీయుల అనుభవం చూడదగినది. 1955 డిసెంబరు 5 నుండి 1956 డిసెంబరు 20 వరకు, 381 రోజులపాటు, మాంట్‌గొమరీ నగరపు నల్లజాతీయులు సిటీ బస్సులు ఎక్కలేదు. ఆ బస్సుల ప్రయాణికులలో అత్యధికులు వారే. తాము బస్సులపై ఆధారపడినట్లే బస్సులూ తమపై ఆధారపడి ఉన్నాయని వారు చూపించారు. కానీ వారు కోరినది తెల్లవారిని బస్సు నుండి దింపటం కాదు. ఒకే బస్సులో సమానంగా కూర్చోవటం. బంధాన్ని తెంచటానికి కాక, సరిచేయటానికి వారు పోరాడారు. ఆ ఏడాదికి పైగా వారిని నిలబెట్టినది కార్లు ఉన్నవారు లేనివారిని ఎక్కించుకుపోయే ఏర్పాటు, చర్చిలలో పోగైన చందాలు. అంటే బయట న్యాయం కోరే ముందు లోపల ఒకరికొకరు ఆధారమయ్యారు. న్యాయస్థానం తీర్పు ఆ పోరాటానికి ముగింపునిచ్చింది.

హక్కు అనే మాట

తెలుగులో మనం 'హక్కులు, బాధ్యతలు' అని జంటగా అంటాం. 'బాధ్యత' సంస్కృతం నుండి వచ్చిన మాట. 'హక్కు' అరబీ భాషలోని 'హఖ్' నుండి వచ్చినది. ఏ తెలుగువాడైనా తన హక్కు కోసం గొంతెత్తినప్పుడు అరబీ మాట పలుకుతున్నాడు. రేణిగుంటకు దాపునే ఉన్న శ్రీకాళహస్తిలో వస్త్రాలపై రామాయణ, భారత గాథలను కలంతో చిత్రించే కళ పేరు 'కలంకారీ'. అది పారసీకపు మాట. దేవాలయపు తెర, దానిపై పురాణ గాథ, దానికి పారసీక నామం. వీటిని విడదీయటానికి ఎవరైనా పూనుకుంటే మొదట భాషనే విప్పదీయాలి.

మన ధర్మశాస్త్రంలో 'హుఖూఖుల్ ఇబాద్' అన్నప్పుడు తోటి మానవులకు మనం ఇవ్వవలసినవి అని అర్థం. ఒకరి హక్కు మరొకరి బాధ్యత. రెండూ ఒకే మాటలో ఇమిడి ఉన్నవి. ఈ అర్థం తెలిసినవారు హక్కును యాచించరు, బాధ్యతను ఎగవేయరు. డాక్టర్ అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో చేసిన ప్రసంగంలో స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఒకదాన్ని విడిచి ఒకటి నిలవలేవని హెచ్చరించారు. పీఠికలోని ఆ మూడవ మాట అలంకారానికి పెట్టినది కాదు. పరస్పరాధారానికి రాజ్యాంగం ఇచ్చిన పేరు అది.

మనం చేయవలసినవి

మొదటిది, మన ఇల్లు చక్కదిద్దుకోవాలి. దూదేకుల సోదరునికి, ఫకీరు బిడ్డకు, హజాముకు నమాజు వరుసలో భుజం కలిపి చోటిస్తున్నాం. సంతోషమే. పెళ్ళి సంబంధాలలో, మసీదు కమిటీలలో, సంఘాల పదవులలో అదే చోటు ఉన్నదా? అవసరానికి పిలిచి గౌరవానికి మరిచే అలవాటును ఇతరులలో తప్పుపట్టే మనం దానిని మన గడప లోపల ఉంచుకోరాదు. మిషను కుట్టి ఇంటిని నెట్టుకొస్తున్న మహిళల శ్రమ సంపాదన లెక్కలోకి, వారి మాట సలహా సంప్రదింపుల లెక్కలోకి రావాలి.

రెండవది, జకాత్‌ను ఒక్కపూట ఉపశమనంగా మాత్రమే గాక, చేతికి పనిముట్టుగా మార్చాలి. పదిమందికి పంచిన చిల్లర పదిరోజులలో ఖర్చవుతుంది. అర్హులైన ఒక కుటుంబానికి కుట్టుమిషను, తోపుడుబండి, వెల్డింగు పరికరం సమకూరితే, కొన్నేళ్ళలో ఆ కుటుంబమే జకాత్ ఇచ్చే స్థితికి రాగలదు. చేతులు స్థానాలు మారటమంటే అదే.

మూడవది, చట్టం ఇచ్చిన దారులను వాడుకోవాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే కావాలి, వారిలో మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. తిరుపతి, శ్రీకాళహస్తి వంటి పట్టణాలలో మన వ్యాపారులకు గుర్తింపు పత్రాలు ఉన్నాయా, కమిటీలో మనవారు ఉన్నారా అని కార్యకర్తలు విచారించాలి. ఎక్కడైనా మతం పేరుతో వ్యాపారిని అడ్డుకుంటే ఆవేశపడక, తేదీ, స్థలం, సాక్షులతో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. విద్వేష ప్రసంగాలపై ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా పోలీసులే కేసు నమోదు చేయాలని 2023 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఉత్తర్వు ప్రతి మన కార్యకర్త దగ్గరా ఉండాలి. శ్రీశైలం వ్యాపారులు గెలిచినది కాగితంతోనే.

నాలుగవది, పొరుగువారి కష్టంలో మనం మొదట నిలబడాలి. రైతుకు ధర పడిపోయి టమోటా రోడ్డున పారబోసినప్పుడు, దళితవాడకు దారి మూసినప్పుడు, ఆశా కార్యకర్తలు జీతం కోసం ధర్నా చేసినప్పుడు అవి మనవి కావని తలుపులు వేసుకుంటే, మన దుకాణం మూయించిన నాడు పక్క దుకాణం మూయలేదేమని అడిగే నైతికార్హత మనకు ఉండదు. ధ్రువపత్రం కోసం కాదు, బాధ్యత కనుక నిలబడాలి.

ఒకరిపై ఒకరు ఆధారపడి ఉన్నామన్నది మనం ఎవరికీ నిరూపించనక్కరలేదు. మన ముందున్న పని ఆ ఆధారాన్ని సమానుల మధ్య ఒడంబడికగా నిలపటం. అందుకు ఒక వంక రాజ్యాంగమూ, మరొక వంక మన ధర్మమూ తోడున్నవి. ఈ నెలలో మీ మహల్లాలో పదిమంది కూర్చుని, బజారు దారి మూసుకుపోయిన కుటుంబాలు ఎన్ని ఉన్నాయో, అవి ఏ మతానివైనా సరే, పేరుపేరునా రాసుకోండి. పని అక్కడి నుండి మొదలవుతుంది.